బొమ్మకీ ఒక పృచ్ఛకుడు కావాలి

తెలుగు జిల్లాల్లో చిత్రకళా ప్రదర్శనలు నడుపుతున్న సంఘాల పెద్దలందరికీ నమస్కారం.

నేను కాకినాడ దగ్గర ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. 22 ఏళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. మీరు పెట్టే ప్రదర్శనలకు చాలాసార్లు బొమ్మలు పంపాను. కొన్నిటికి కుర్చీలు సర్దడం నుంచి గోడలకు మేకులు కొట్టించడం దాకా దగ్గరుండి పనిచేశాను. హాలు దొరకడం ఎంత కష్టమో, చందాల కోసం ఎన్ని షాపుల మెట్లెక్కాలో నాకు తెలుసు. మీరు లేకపోతే మా ఊళ్లలో బొమ్మ గోడెక్కే దారే లేదు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఇంత కష్టపడి మా బొమ్మల్ని గోడ మీదకు ఎక్కిస్తున్నారు, వాటి ముందు నిలబడి మాట్లాడే మనుషుల్ని కూడా పిలవండి.

నా మొదటి ప్రదర్శన గురించి చెబుతాను. ఊరి పేరు, సంఘం పేరు ఇక్కడ అక్కర్లేదు. ఉదయం పదింటికి అన్న ప్రారంభోత్సవం పదకొండున్నరకు మొదలైంది. జ్యోతి వెలిగించారు, ప్రార్థన పాడారు, ఏడుగురు అతిథులు మాట్లాడారు. గోడల మీద 43 బొమ్మలున్నాయి. ఒక్క బొమ్మ పేరు కూడా ఎవరి నోటా రాలేదు. తర్వాత శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో, అందరికీ సర్టిఫికెట్లు. సాయంత్రం హాలు వాళ్లు వచ్చి రాత్రికి రిసెప్షన్ ఉందన్నారు. ఆరింటికల్లా బొమ్మలు దించేశాం. అమ్మ నా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించింది. బొమ్మ మంచం కిందకి వెళ్లింది. అందులో ఏది కుదిరిందో, ఏది కుదరలేదో నాకు ముందురోజు ఎంత తెలుసో మర్నాడూ అంతే తెలుసు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు దాదాపు అదే వరస. 11 సర్టిఫికెట్లు పోగయ్యాయి. బొమ్మలు మాత్రం పెరగలేదు. చెయ్యి తిరిగింది, పని త్వరగా అయ్యేది, జనం ‘అచ్చు ఫొటోలా ఉంది’ అనేవారు. అదే ఎదగడం అనుకున్నాను.

మనకు అవధానం ఉంది. అష్టావధానంలో అప్పటికప్పుడు పద్యం చెప్పే అవధానికి ఎదురుగా, ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు. నిషిద్ధాక్షరి అడిగేవారైతే అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. ఆ అడ్డు దాటే ప్రయత్నంలోనే అవధాని ఎక్కడా దొరకని మాట ఒకటి పట్టుకొస్తాడు, సభ ఆహా అంటుంది. పృచ్ఛకుడు అవధానికి శత్రువని ఎవరైనా అనుకుంటారా? పృచ్ఛకులు లేకుండా అవధాని ఒక్కడే వేదిక మీద కూర్చుంటే దాన్ని అవధానం అంటారా? సంగీతం నేర్చుకునే పిల్లకి రోజూ ‘శ్రుతి కలవలేదు, మళ్లీ పాడు’ అనే గురువు ఉంటారు. బొమ్మ వేసేవాళ్లకి, అందులోనూ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గడప తొక్కని నాలాంటి వాళ్లకి, ఎదురుగా ఎవరూ లేరు.

పదో ఏట ఒక స్నేహితురాలి పుణ్యమా అని హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షోలో నా బొమ్మ పెట్టే అవకాశం వచ్చింది. మూడడుగులు నాలుగడుగుల కాన్వాస్, ఆక్రిలిక్. ఉప్పాడ ఒడ్డున చేపలు ఎండబెడుతున్న నలుగురు ఆడవాళ్లు, కుడివైపు సముద్రం, రెండు పడవలు. రెండో రోజు ఒక పెద్దాయన వచ్చారు. ఎన్నో ఏళ్లు పెయింటింగ్ పాఠం చెప్పి రిటైరైన మనిషి. ముందు బొమ్మకి జానెడు దూరంలో నిలబడి చూశారు. తర్వాత వెనక్కి నడిచి, ఎదుటి గోడకు వీపు ఆనించి, కళ్లు సగం మూసి చూశారు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నా గుండె దడదడలాడింది. నా బొమ్మని అంతసేపు చూసిన మొదటి మనిషి ఆయన.

చేతిలో ఉన్న పేపరు మడిచి, కాన్వాస్‌కి తగలకుండా కుడివైపు భాగానికి అడ్డం పెట్టారు.

“ఇప్పుడు ఏం పోయిందమ్మా?”

చూశాను. సముద్రం పోయింది, పడవలు పోయాయి. బొమ్మకి మాత్రం ఏమీ కాలేదు. పైగా ఆ నలుగురూ నా దగ్గరికి జరిగినట్టు అనిపించింది.

“మరి ఎందుకు వేశావు?”

“ఉప్పాడ అని తెలియాలని సార్.”

“అది వాళ్ల చేతులు చూస్తే తెలియాలి. పడవల మీద పెట్టిన శ్రద్ధ చేతుల మీద పెట్టలేదు నువ్వు.”

ఇంకా చెప్పారు. నలుగురూ ఒకే మనిషి అన్నారు. ఆ కళ్లు బాపు గారివి, ఆ మెడ వంపు వడ్డాది పాపయ్య గారిది అన్నారు. “వాళ్లు ఎక్కడికి వెళ్లి తెచ్చుకున్నారో నువ్వు అక్కడికి వెళ్లలేదు. వాళ్ల దగ్గరకు వెళ్లి ఆగిపోయావు.” చివర్లో కింద ఎడమ మూలలో, తడి గోనెసంచి పక్కన జానెడు ఇసుక చూపించారు. “ఇక్కడ చూసి వేశావు. మిగతాదంతా తెలిసినట్టు వేశావు” అన్నారు. నాకు టీ ఇప్పించి వెళ్లిపోయారు.

ఆ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో నాకు నిద్ర పట్టలేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. తెల్లవారుజామున బండి గోదావరి బ్రిడ్జి మీదకి వచ్చేసరికి మనసులో ఆ జానెడు ఇసుక ఒక్కటే మిగిలింది. తొమ్మిదేళ్లలో నేను నిజంగా చూసి వేసింది ఎక్కడుందో నాకు మొదటిసారి తెలిసింది. ఆ రోజు నుంచి ఆదివారాలు ఉప్పాడ వెళ్లడం మొదలుపెట్టాను. ఏటేటా సముద్రం కోసుకుపోతున్న ఆ ఒడ్డున కూర్చుని ఆరు నెలల పాటు చేతులే గీశాను. చేప పొట్ట చీల్చే చెయ్యి, ఉప్పు పట్టించే చెయ్యి, పని అయ్యాక ఒళ్లో ఊరికే పడి ఉండే చెయ్యి. తిరిగి రంగు ముట్టుకునే సరికి నా పాత బొమ్మలు నాకే పరాయివి అనిపించాయి.

విమర్శ చేసిన మేలు ఇది. ప్రదర్శన చేసే మేలు వేరే ఉంది, దాన్ని నేను ఇంకా ఆలస్యంగా గుర్తుపట్టాను.

మా ఇంట్లో నేను బొమ్మలు వేసే గది పదడుగులు బై పదడుగులు. ట్యూబ్‌లైట్ వెలుతురు. బొమ్మకీ నాకూ మధ్య మూడడుగులు. ఉప్పాడ బొమ్మలు 12 అయ్యాక కాకినాడలోనే వారం రోజులకు ఒక చిన్న హాలు తీసుకుని పెట్టాను. అక్కడ పసుపు లైట్లు. ఇంట్లో నీలంగా మెరిసిన నీడలు అక్కడ బురదలా కనిపించాయి. పదిహేనడుగుల దూరం నుంచి చూస్తే, నేను మూడు వారాలు కూర్చుని వేసిన వేళ్లు చేపల్లో కలిసిపోయాయి. చెయ్యికీ చేపకీ రంగు వేరు గానీ, వెలుగునీడల బరువు ఒక్కటే. మూడడుగుల దూరంలో అది ఎప్పటికీ తెలిసేది కాదు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇంకోటి. 12 బొమ్మలూ ఒకే గోడ మీద వరసగా పెడితే, తొమ్మిదింటిలో సముద్రపు గీత సరిగ్గా ఒకే ఎత్తులో ఉంది. రెండేళ్లు ఒక్కో బొమ్మా విడివిడిగా వేశాను, ప్రతిదీ కొత్తదే అనుకున్నాను. చెయ్యి తన అలవాటు తను చేసుకుపోతోంది. గోడ ఎక్కితే గానీ ఆ సంగతి బయటపడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బయట చేపలమ్ముకునే ఒకావిడ మంచినీళ్ల కోసం లోపలికి వచ్చింది. నీళ్లు తాగి, చెంగుతో మూతి తుడుచుకుంటూ బొమ్మలన్నీ చూసింది. గంప నెత్తిన పెట్టుకుని నడుస్తున్న మనిషి బొమ్మ దగ్గర ఆగింది.

“ఇదేంటమ్మా, మెడ అలా వంచేసింది? గంప నెత్తి మీద ఉంటే మెడ అలా వంగుద్దా? వంగితే గంప పడిపోద్ది.”

బయటికి వెళ్లి, చుట్టకుదురు పెట్టుకుని గంప ఎత్తుకుని నాలుగడుగులు నడిచి చూపించింది. మెడ గుంజలా నిలబడే ఉంది. కదలికంతా నడుములో ఉంది, మోకాళ్లలో ఉంది. పెద్దాయన ‘ఈ మెడ వంపు నీది కాదు’ అన్నదీ ఆవిడ ‘పడిపోద్ది’ అన్నదీ ఒకటే మాట. ఆయన బొమ్మల వైపు నుంచి చెప్పారు, ఆవిడ గంప వైపు నుంచి చెప్పింది. నాకు రెండూ కావాల్సి వచ్చాయి. ఆ ప్రదర్శన ఒక్క పూటలో ముగిసి ఉంటే ఆ మూడో రోజు మధ్యాహ్నం నాకు దక్కేది కాదు.

నా ఒక్కదాని అనుభవం సరిపోదంటే, మన దేశ చిత్రకళ చరిత్రలో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. 1948లో చిత్రకారుడు ఎస్.హెచ్. రజా శ్రీనగర్‌లో ఉన్నారు. అప్పటికే బొంబాయిలో పేరు వస్తోంది, 1947లో మొదలైన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపులో ఆయనొకరు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆంరీ కార్తియే-బ్రెసాఁ అక్కడ ఆయన బొమ్మలు చూసి, ప్రతిభ ఉంది కానీ బొమ్మల్లో కట్టడం అనేది లేదని చెప్పారు. ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ బొమ్మల్ని శ్రద్ధగా చూడమన్నారు. ఇంటికి పునాది, గోడలు ఎలాగో బొమ్మకీ అలాంటి నిర్మాణం ఒకటి ఉండాలన్నది ఆయన మాటల సారం. 26 ఏళ్ల కుర్రాడు, మెప్పులకు అలవాటు పడుతున్న కుర్రాడు, ఆ మాటకు ముఖం ముడుచుకోలేదు. 1950లో ఫ్రెంచ్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్లి, ఆ కట్టడం ఏమిటో నేర్చుకోవడానికి కూర్చున్నారు. 1956లో పారిస్‌లో ఆయనకు వచ్చిన ‘ప్రీ ద లా క్రిటిక్’ విమర్శకులు ఇచ్చే బహుమతి.

ఆ గ్రూపులోని బొంబాయి కుర్రాళ్ల వెనక ఇంకో సంగతి ఉంది. నాజీల బెడద తప్పించుకుని వచ్చిన వాల్టర్ లాంగ్‌హామర్ అనే చిత్రకారుడు, రూడీ ఫాన్ లైడెన్ అనే విమర్శకుడు ఆ రోజుల్లో బొంబాయిలో ఉండేవారు. ఆ కుర్రాళ్ల బొమ్మలు చూసేవారు, వాటి గురించి మాట్లాడేవారు, పత్రికల్లో రాసేవారు. హుసేన్, సూజా, రజా లాంటి వాళ్లకి ప్రతిభ ఎలాగూ ఉంది. దాన్ని చూసి నిక్కచ్చిగా మాట్లాడే కళ్లు కూడా వాళ్లకి దొరికాయి.

మన దగ్గర లేదా అంటే ఉంది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కన్ను పడబట్టి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లగలిగారు. 1897లో పుట్టిన మనిషి, 1925లో మశూచితో పోయారు, 28 నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే సొంత బొమ్మలు వేసుకుంటూ కూర్చోకుండా రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆయన పేరుతో ఉన్న గ్యాలరీకి నేను ఏడాదికోసారైనా వెళతాను, మా పిల్లల్నీ తీసుకెళతాను. తుమ్మపూడిలో ఉంటూ దేశమంతటి కళాకారులతో ఉత్తరాలు నడిపిన సంజీవదేవ్ గారు బొమ్మని ఎలా చూడాలో తెలుగులో రాసి పెట్టారు. ఆయన 1999లో పోయారు. అంత ఓపికగా, అంత తేటగా మన భాషలో బొమ్మల గురించి రాసే మనిషి కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను. ఒకప్పుడు ఉమ్మడి రాష్ట్రానికి లలిత కళా అకాడమీ ఉండేది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మిగతా అకాడమీలతో పాటు దాన్నీ అందులో కలిపేశారు. కాబట్టి ఈ పని ఇప్పుడు ఎక్కువగా మీ సంఘాల భుజాల మీదే ఉంది.

ఒక సమావేశంలో విమర్శకుల్ని పిలుద్దామన్న ఈ మాట ఎత్తితే ఇంకో పెద్దాయన, “బయటివాళ్లు వచ్చి మన పిల్లల బొమ్మల్ని వాళ్ల తీరుకి మార్చేస్తారమ్మా, మన తెలుగుదనం పోతుంది” అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి లక్ష్మాగౌడ్ గారు, అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి తోట వైకుంఠం గారు బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి వాళ్లు వేసింది ఏమిటి? లక్ష్మాగౌడ్ గారి బొమ్మల్లో పల్లె మనుషులూ మేకలూ చెట్లూ. వైకుంఠం గారి బొమ్మల్లో నిండు బొట్టు, ముదురు రంగు చీరలతో తెలంగాణ ఆడవాళ్లు. మంచి గురువు కన్ను వాళ్లని ఊరికి దూరం చెయ్యలేదు.

నొచ్చుకుంటారనే మాట కూడా ఉంది. నిజమే, నేనూ నొచ్చుకున్నాను. అయితే విమర్శకీ అవమానానికీ తేడా నేను దగ్గర్నుంచి చూశాను. ఒక పోటీలో న్యాయనిర్ణేత ఒకరు డిగ్రీ చదివే అమ్మాయి బొమ్మ వైపు తిరిగైనా చూడకుండా, “పెళ్లయ్యాక ఎలాగూ మానేస్తావుగా” అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ ఎక్కడా బొమ్మ పెట్టలేదు. ఇప్పటికీ నాకు ఆ ముఖం గుర్తొస్తుంది. అందులో బొమ్మ గురించి ఒక్క మాట లేదు, అది విమర్శ ఎలా అవుతుంది? నా కాన్వాస్ ముందు పది నిమిషాలు మౌనంగా నిలబడిన ఆ పెద్దాయన ముందు చూశారు, తర్వాత అడిగారు, ఆ తర్వాతే చెప్పారు. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ‘సూపర్’, ‘అద్భుతం’ ప్రేమతో పెడతారు, కాదనను. కానీ మూడు సెకన్లలో పెట్టిన మాట మూడు నెలలు వేసిన బొమ్మకి ఏం చెప్పగలదు?

ఇప్పుడు నేను అడిగేవి చెబుతాను. ప్రదర్శన కనీసం అయిదు రోజులు ఉంచండి. పెద్ద హాలు ఒక్క రోజుకి తీసుకునే బదులు చిన్న హాలు వారానికి తీసుకున్నా మాకు మేలే. 40 బొమ్మలకు బదులు 15 పెట్టండి, మధ్యలో జాగా వదలండి, కంటి ఎత్తున పెట్టండి. ఆ అయిదు రోజుల్లో ఒక రోజు మైకు, వేదిక, దండలు ఏమీ లేకుండా విమర్శకి వదిలేయండి. మన జిల్లాకి సంబంధం లేని ఇద్దర్ని పిలవండి, ఒకరు బొమ్మ వేసేవాళ్లు, ఒకరు కళాచరిత్ర చదివినవాళ్లు. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, కడపలో యోగి వేమన యూనివర్సిటీలో ఉంది. రిటైరై ఇంట్లో ఉన్న అధ్యాపకులూ ఉన్నారు. వాళ్లకి రానూపోనూ ఖర్చు, బస, గౌరవంగా ఇంత ఫీజు ఇవ్వండి. ఊరికే రమ్మని అడగొద్దు, ఇది వాళ్ల పని.

డబ్బెక్కడిది అంటారు. మొన్న ఒక ప్రదర్శనకి జమాఖర్చులు నేనే రాశాను. శాలువాలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు కలిపి 38,000 రూపాయలు అయింది. అందులో సగంతో ఇద్దరు విమర్శకుల్ని రెండు రోజులు మన ఊళ్లో ఉంచుకోవచ్చు.

కుర్చీలు బొమ్మ ముందు వేయండి. ఒక్కో బొమ్మకి పదిహేను నిమిషాలు చాలు. వేసినవాళ్లు మొదట నోరు విప్పకూడదు. నాకైతే ఇది చాలా కష్టం, ‘అది కాదు సార్, నా ఉద్దేశం ఏమిటంటే’ అని నాలుక చివర్న ఉంటుంది. కానీ మనం పక్కన నిలబడి వివరించడానికి ప్రతి గోడ దగ్గరా ఉండం కదా. వచ్చినవాళ్లు ముందు తమకు ఏం కనిపిస్తోందో చెప్పాలి, బాగోగులు ఆ తర్వాత. మాట బొమ్మ దాటి మనిషి మీదకి వెళితే అక్కడే ఆపే బాధ్యత మీలో ఒకరు తీసుకోవాలి. ఇష్టపడి పేరు ఇచ్చిన పెద్దవాళ్లకే ఇది పెట్టండి. స్కూలు పిల్లల్ని అందరి ముందూ నిలబెట్టొద్దు, వాళ్ల సంగతి తరగతి గదిలో మేం చూసుకుంటాం.

ఇంకొకటి. ఎంపిక కాని బొమ్మల్ని తిప్పి పంపేటప్పుడు రెండు వాక్యాలు రాయండి. నాకు తిరిగొచ్చిన బొమ్మలతో పాటు ‘విచారిస్తున్నాం’ అని అచ్చువేసిన కాగితమే వచ్చేది. ‘ముందు భాగం బాగుంది, వెనక భాగం దానితో పొసగలేదు’ అని చేత్తో రాసిన ఒక్క ముక్క ఉంటే, ఏడాది పాటు దాన్ని పట్టుకుని పనిచేసేదాన్ని.

మీలో ఏ ఒక్క సంఘం ఇలాంటి విమర్శ రోజు ఒకటి పెట్టడానికి ఒప్పుకున్నా నేను వస్తాను. పనికి వస్తాను, బొమ్మతోనూ వస్తాను. గంప ఎత్తుకునే ఆవిడ బొమ్మ మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు మెడ నిటారుగానే ఉంది. కానీ గంప అంచు పట్టుకున్న ఎడమ చెయ్యి దగ్గర నాలుగు నెలలుగా ఆగిపోయాను. అక్కడ ఏదో తేడా ఉంది, ఎన్నిసార్లు తుడిచి వేసినా అది ఏమిటో నాకు అందడం లేదు. దాన్ని పూర్తి చేయకుండా అలాగే తెస్తాను. మొదటి కుర్చీలు దాని ముందే వేయించండి.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక డ్రాయింగ్ టీచర్